కాలు సాయం

ఆ కారులో పెడల్స్ అయిదు. నేర్చుకునేవాళ్ళ వైపు మూడు, నేర్పేవాళ్ళ వైపు రెండు, అంటే క్లచ్, బ్రేకు. పొద్దున్న ఆరింటికి మొదటి క్లాసు. ఆ లోపు తడిగుడ్డతో అయిదూ తుడవడం నా పని. మట్టి ఉంటే కాలు జారుతుంది అంటారు మా ఆయన. నేల మీద మోకాళ్ళు ఆనించి, సీటు కిందికి తల దూర్చి తుడుస్తాను. నేర్పేవాళ్ళ పెడల్స్ నుంచి సన్నటి ఇనప కేబుళ్ళు రెండు అవతలి పెడల్స్‌కి వెళ్తాయి. ఆయన కాలు పెట్టి నొక్కితే రెండు వైపులా దిగుతాయి. నేర్చుకునేవాళ్ళు నొక్కితే వాళ్ళది మాత్రమే దిగుతుంది. ఆయన వైపు క్లచ్ రబ్బరు త్వరగా అరుగుతుంది. వాళ్ళది ఒకసారి మారిస్తే ఆయనది మూడుసార్లు మార్చాలి. ఎందుకని ఎప్పుడూ అనుకోలేదు. ఆయన చెప్పులూ ముందే అరుగుతాయి, చొక్కా కాలర్లూ ముందే చిరుగుతాయి. పని ఎక్కువ చేసే మనిషి కదా అనుకునేదాన్ని. ఇంట్లో అందరం అలాగే అనుకునేవాళ్ళం.

ముందు గది డ్రైవింగ్ స్కూల్ ఆఫీసు. వెనక మూడు గదులు ఇల్లు. మధ్యలో తలుపు లేదు, కర్టెన్ ఉంది. ఆఫీసులో ఫోన్ మోగితే వంటింట్లోకి వినిపిస్తుంది. ఆయన బయట నేర్పుతారు, లోపలి పనంతా నాది. అప్లికేషన్లు నింపడం, ఫొటోలు అంటించడం, రోడ్డు గుర్తుల బొమ్మలు చూపించి ఒక్కొక్కటీ అప్పజెప్పించుకోవడం. వాలు మీద రెండు బళ్ళు ఎదురైతే ఏది ఆగాలో, మలుపుకి ఎంత దూరంలో లైటు వెయ్యాలో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. నా దగ్గర బొమ్మలు నేర్చుకున్నవాళ్ళు ఊరంతా బళ్ళు నడుపుతున్నారు. హారన్ కొట్టి, అద్దం దించి, "బావున్నారా అక్కా?" అంటారు. అప్పుడు నేను బస్‌స్టాప్‌లో ఉంటాను.

అప్లికేషన్‌లో చివరి గడి ఒకటుంది. గతంలో టెస్ట్ తప్పి ఉంటే కారణం రాయాలి. అందులో అందరికీ ఒకటే రాస్తాను, "సాధన చాలలేదు" అని. ఆయనే చెప్పారు అలా రాయమని. అలా రాస్తే ఆఫీసర్లు రెండో ప్రశ్న అడగరట.

కొత్తగా చేరినవాళ్ళు ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. "మేడంగారికి లైసెన్స్ ఎప్పుడొచ్చిందండీ?" నేను నోరు తెరిచే లోపు ఆయనే జవాబు చెప్తారు. "ఆవిడకెందుకండీ లైసెన్స్? ఆవిడకి నేనే బండి." అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. ఆ నవ్వు కూడా నా లోపలి పనుల్లో ఒకటి.

పద్నాలుగేళ్ళ కిందట నేనూ నేర్చుకున్నాను. మా అమ్మాయి స్కూల్లో చేరిన ఏడు అది. నేర్పించమని నేను రెండేళ్ళు అడిగినా కదలనిది, అత్తయ్య ఒక్క మాటతో కదిలింది. "ఊరందరి ఆడవాళ్ళకీ నేర్పుతావు, ఇంట్లో దానికి రాదంటే నీ స్కూలుకే చెడ్డపేరు రా" అంది. అది ఆయనకి తగిలింది. మర్నాటి నుంచి ఇరవై ఒక్క రోజులు, మొదటి క్లాసుకి ముందు నలభై నిమిషాలు నావి. దానికోసం గంట ముందు లేచి వంట చేసేదాన్ని. స్టీరింగ్ పట్టుకుంటే వేళ్ళకి ఉల్లిపాయ వాసన తగిలేది.

నాకు చాలా తేలిగ్గా వచ్చింది. ఇందరు ఎందుకింత అవస్థ పడతారో అర్థం కాలేదు. క్లచ్ మీద కాలు పెడితే చాలు, మెత్తగా దిగేది, మెత్తగా పైకొచ్చేది. కారు ఒక్క కుదుపు లేకుండా కదిలేది. ఇరవై ఒక్క రోజుల్లో ఒక్కసారి కూడా ఆగిపోలేదు. ఆయన అద్దం చూడమని అరిచేవారు, స్టీరింగ్ మీద చెయ్యి తప్పుగా పడితే మణికట్టు మీద కొట్టేవారు. క్లచ్ గురించి మాత్రం ఒక్క మాట అనలేదు. నాకు కాలు కుదిరిందనుకున్నాను. పొయ్యి దగ్గర నిలబడి ఎడమ కాలు నేలకి నొక్కి, నెమ్మదిగా ఎత్తి చూసుకునేదాన్ని. ఎవరూ మెచ్చుకోకపోయినా నా కాలు నాకు నచ్చింది. నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. నాన్న సైకిళ్ళు బాగుచేసేవాడు. చక్రాల విషయమైతే ఆయనకి వెంటనే అర్థమయ్యేది. "అయితే ఇంక నీకు బస్సు గోల లేదు. ఏదో రోజు నువ్వే వచ్చి నన్ను ఆసుపత్రికి తీసుకెళ్దువుగాని" అన్నాడు. నాన్నకప్పటికే ఆయాసం ఉంది.

టెస్ట్ రోజు మైదానంలో పదకొండు మందిమి. వాళ్ళందరికీ అప్లికేషన్లు నింపింది నేనే. కారు ఎక్కే ముందు అక్కడి మెకానిక్ వచ్చి, నేర్పేవాళ్ళ వైపు కిందికి వంగి, రెండు కేబుళ్ళ కొక్కేలూ తీసేశాడు. అలా తియ్యడం రూలు. టెస్ట్‌లో పక్కవాళ్ళ కాలు పనిచెయ్యకూడదు. ఇన్‌స్పెక్టర్ పక్కన కూర్చుని, కాళ్ళు సీటు కిందికి ముడుచుకుని, ఒళ్ళో ఫైలు పెట్టుకున్నాడు. నడపమన్నాడు.

కారు రెండు గెంతులు వేసి ఆగిపోయింది. మళ్ళీ స్టార్ట్ చేశాను. మళ్ళీ ఆగింది. కారులో ఏదో చెడిందనుకున్నాను, అలాగే అన్నాను కూడా. "కారు బాగానే ఉందమ్మా" అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఎలాగో ఎత్తు దాకా తీసుకెళ్ళాను. అక్కడ మధ్యలో ఆపి, వెనక్కి జారకుండా మళ్ళీ కదిలించాలి. కదల్లేదు, జారింది. నా కాలి కింద ఆ పెడల్ ఎప్పుడూ చూడని వస్తువులా ఉంది. ఎంత నొక్కాలో, ఎక్కడ ఆపాలో కాలికి తెలియడం లేదు. వెనక ఉన్న డ్రమ్ముకి కారు తగిలింది. పదిమంది చూస్తున్నారు. ఇన్‌స్పెక్టర్ దిగి మా ఆయనతో, "మాస్టారూ, మీరే నేర్పారా?" అని అడిగాడు. "నేనే సార్. ఏం చేస్తాం, ఆ కాలు వంటింటికే అలవాటు పడిపోయింది" అన్నారాయన. ఇద్దరూ నవ్వుకున్నారు. తిరిగొచ్చేటప్పుడు వెనక సీట్లో కూర్చున్నాను. ముందు సీట్లో పాసైన అమ్మాయి కూర్చుంది.

ఆ తర్వాత అది ఇంట్లో ఒక కథ అయిపోయింది. పాలు పొంగితే, "మళ్ళీ డ్రమ్ముకి కొట్టింది" అనేది అత్తయ్య. మా అమ్మాయి అయిదేళ్ళ పిల్ల, ఆటబొమ్మ కారుని వెనక్కి తోసి గోడకి కొట్టి, "అమ్మ టెస్ట్!" అనేది. రెండోసారి వెళ్తానని నేను అనలేదు. నాకు రాదని నేనే నమ్మాను. ఇరవై ఒక్క రోజులు వచ్చింది, ఒక్క రోజు రాలేదు, అదెలా అని అడగాలని కూడా తోచలేదు. రాకపోవడానికి నాకు కారణం అక్కర్లేకపోయింది. వచ్చినప్పుడే ఆశ్చర్యపడ్డాను.

ఎనిమిది నెలల తర్వాత ఒక మధ్యాహ్నం అమ్మ ఫోన్ చేసింది. నాన్నకి ఊపిరి అందడం లేదు. అంబులెన్స్ వేరే ఊరు వెళ్ళింది, ఎప్పుడొస్తుందో చెప్పడం లేదు. మా ఇంటి నుంచి నలభై నిమిషాల దారి. మా ఆయన టెస్ట్ మైదానంలో ఉన్నారు, అక్కడికి ఫోన్లు పట్టుకెళ్ళనివ్వరు. టాక్సీ గంట పడుతుందన్నారు. ఇంట్లో వాడుకునే పాత కారు గేటు లోపల ఉంది, తాళాలు మేకుకి ఉన్నాయి. తీసుకున్నాను. లైసెన్స్ లేకుండా నడిపితే ఏ శిక్ష పడుతుందో అందరికీ నేర్పేదాన్ని నేనే. ఆ మాట ఆ రోజు గుర్తుకు రాలేదు.

అది మామూలు కారు. మూడే పెడల్స్. ఎనిమిదిసార్లు స్టార్ట్ చేశాను. ఎనిమిదిసార్లూ ఆగింది. తొమ్మిదోసారి ఒక్క ఉదుటున వెళ్ళి గేటు స్తంభానికి కొట్టుకుంది. అత్తయ్య గుమ్మంలో నిలబడి, "వద్దే, చస్తావే" అని అరుస్తోంది. దిగి, తాళాలు మేకుకి పెట్టి, బస్‌స్టాప్‌కి నడిచాను. రెండు బస్సులు మారాలి. నేను వెళ్ళేసరికి నాన్న మంచం మీద లేడు. కింద చాప మీద పడుకోబెట్టారు. ముఖం మీద దుప్పటి కప్పి ఉంది. రోడ్డు మీద ఏ కారు చప్పుడు వినిపించినా, "అమ్మాయేమో చూడు" అన్నాడట. అమ్మ మూడుసార్లు బయటికి వచ్చి చూసిందట. అమ్మ ఆ మాట నన్ను తప్పుపట్టడానికి చెప్పలేదు. జరిగింది చెప్పిందంతే. 

నేను ఇంటికి తిరిగొచ్చిన రోజు మా ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "కారుకి ఆ సొట్టేంటి?"

ఆరేళ్ళ కిందట రెండో కారు కొన్నారు. నేర్పడానికి ఒకతన్ని పెట్టుకున్నారు. లారీ తోలి మానేసిన మనిషి, మెతక. ఒకరోజు ఆయన అతన్ని ఆఫీసులో కూర్చోబెట్టి పని చెప్తున్నారు. నేను కర్టెన్ ఇవతల కూరగాయలు తరుగుతున్నాను.

"మొదటి పది రోజులు కాలు సాయం చెయ్యాలయ్యా" అన్నారు.

"అంటే ఏంటి మాస్టారూ?"

"నీ క్లచ్ మీద నీ కాలు ఉండాలి. వాళ్ళు కాలు పెట్టగానే నువ్వు నొక్కు, నువ్వే వదులు. వాళ్ళ పెడల్ దానంతటదే దిగుతుంది, లేస్తుంది. తామే నొక్కుతున్నామనుకుంటారు. కారు ఆగదు, భయం పోతుంది, నలుగురికీ చెప్తారు, మాస్టారు భలే నేర్పుతున్నారు అని."

"మరి వాళ్ళకెప్పుడొస్తుందండీ?"

"పదకొండో రోజున కాలు తీసెయ్. ఆ రోజు కారు వందసార్లు ఆగుతుంది, ఏడుస్తారు. ఏడవనీ. అప్పుడు మొదలవుతుంది నేర్చుకోవడం. కాలు తియ్యకపోయావా, జన్మలో రాదు. టెస్ట్‌లో కేబుల్ తీయగానే బొక్కబోర్లా పడతారు."

కత్తి పక్కన పెట్టాను. నావి ఇరవై ఒక్క రోజులు. పదకొండో రోజు నాకు రాలేదు. కారు వందసార్లు ఆగిన రోజు నాకు లేదు. 

అతను వెళ్ళాక భోజనం వడ్డిస్తూ అడిగాను. "ఏమండీ, నాకు నేర్పినప్పుడు కాలు తీశారా?"

ఆయన దాచలేదు. దాచాల్సిన విషయమని ఆయనకి అనిపించలేదు. "ఇప్పుడెందుకే ఆ గోల? తియ్యలేదు. తీస్తే ఎక్కడ గుద్దుతావోనని భయం. రోజూ నడిపి మురిసిపోతున్నావు కదా, మురవనీ అనుకున్నా."

"మరి టెస్ట్‌కి ఎందుకు పంపారు?"

"పంపకపోతే అమ్మ ఊరుకునేదా? పంపాను, తప్పావు, గొడవ వదిలింది. అయినా వచ్చి ఏం చేసేదానివి? నీకు వెళ్ళాల్సిన చోట్లేమున్నాయి?"

నాన్న ఉన్న ఊరు పేరు నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. చెబితే, "అంబులెన్స్ వాళ్ళని అడుగు" అంటారు. అది కూడా నిజమే. ఆయన అన్న మాటల్లో అబద్ధం ఎప్పుడూ ఉండదు. మజ్జిగ పోశాను. మర్నాడు పొద్దున్న మళ్ళీ అయిదు పెడల్స్ తుడిచాను. అరిగిన రబ్బరు ఎందుకు అరుగుతుందో తెలిసింది, అంతే తేడా. అలా ఆరేళ్ళు తుడిచాను. నా కాలి సంగతే కదా, అయిపోయింది కదా అనుకున్నాను. ముప్పై ఏళ్ళ నాడు విరిగిన చెయ్యి గురించి ఎవరు మాట్లాడతారు, అలాగే.

ఈ ఏడు మా అమ్మాయికి పందొమ్మిది. పశువుల డాక్టరు దగ్గర అసిస్టెంట్‌గా తీసుకుంటామని ఉత్తరం రాశారు. చుట్టుపక్కల ఊళ్ళ పశువుల కొట్టాలకి మందులు పట్టుకుని తనే కారులో వెళ్ళాలి. నెలాఖరులోగా లైసెన్స్ చూపించాలి, లేకపోతే ఇంకొకరికిస్తారు. నెలాఖరులోగా ఉన్నది ఒక్క టెస్ట్ తేదీ. ఉత్తరం చదివి అది ఎగిరి గంతేసింది. వాళ్ళ నాన్న కాదంటారనుకున్నాను. "నేనే నేర్పుతాను బుజ్జీ" అన్నారు. అంత తేలిగ్గా ఒప్పుకోవడం నాకు వింతగా ఉంది. అత్తయ్యకీ వింతగానే ఉంది. ఆ పిల్ల స్నానానికి వెళ్ళినప్పుడు కొడుకుని అడిగింది.

"ఆడపిల్లని ఒక్కదాన్నీ ఊళ్ళమ్మట తిప్పుతావట్రా?"

"కాదంటే మూడు నెలలు మూతి ముడుచుక్కూర్చుంటుందమ్మా. ముందు టెస్ట్ పాసవ్వనీ, చూద్దాం" అన్నారు అన్నం కలుపుకుంటూ. 

ఇంతే అన్నారు. ఇందులోనూ అబద్ధం లేదు.

నిన్న పద్నాలుగో రోజు. టెస్ట్‌కి ఇంకా వారం ఉంది. అది క్లాసు నుంచి వచ్చి వంటింటి గట్టు మీద ఎక్కి కూర్చుంది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. "అమ్మా, నువ్వెలా తప్పావే అసలు? ఎంత ఈజీనో! ఒక్కసారి కూడా ఆగలేదు తెలుసా? నా కాలు పడేలోపే క్లచ్ దిగిపోతోంది" అంది. ఎడమ కాలు గాలిలో నొక్కి, నెమ్మదిగా ఎత్తి చూపించింది. ఆ కాలు ఎత్తడం నాకు తెలుసు. ఈ గట్టు దగ్గరే, ఈ పొయ్యి పక్కనే.

"పదకొండో రోజు ఏం జరిగింది?" అన్నాను.

"ఏం జరుగుతుంది? రోజూలాగే. ఎందుకు?"

"ఏం లేదు. కాళ్ళు కడుక్కో."

దానికి చెప్పొచ్చు. చెబితే నాన్నని అడుగుతుంది. "మీ అమ్మ తను తప్పిన కోపం నా మీద చూపిస్తోంది" అంటారాయన. అత్తయ్య పాలు పొంగిన కథ మళ్ళీ చెప్తుంది. రేపు మళ్ళీ కాలు క్లచ్ మీద ఉంటుంది. ఆయన్నే అడగొచ్చు. ఆరేళ్ళ కిందట ఒకసారి అడిగాను, మజ్జిగ పోశాను. చెప్పడం, అడగడం, రెండూ ఆయనకి చేతనైన పనులు. నాకు చేతనైన పని వేరే ఉంది.

ఇవాళ పొద్దున్న తడిగుడ్డ పట్టుకుని ఎప్పటిలాగే మోకాళ్ళ మీద కూర్చున్నాను. నేర్చుకునేవాళ్ళ మూడూ తుడిచాను. నేర్పేవాళ్ళ రెండూ తుడిచాను. తర్వాత చెయ్యి లోపలికి పెట్టి, క్లచ్ కేబుల్ కొక్కెం తీసేశాను. టెస్ట్ మైదానంలో మెకానిక్ తీసినట్టే, పైకి ఎత్తి పక్కకి లాగితే వచ్చేస్తుంది. బ్రేకుది ముట్టుకోలేదు. రెండుసార్లు నొక్కి చూశాను, బ్రేకు అటువైపు కూడా దిగుతోంది. కేబుల్ చివర కారులో కాళ్ళ కింద పరిచే చాప కిందికి తోసి, గుడ్డ పిండి ఆరేసి, ఆఫీసు కిటికీ దగ్గర బల్ల ముందు కూర్చున్నాను.

ఆరింటికి ఇద్దరూ ఎక్కారు. కారు గేటు దగ్గర ఒక్క గెంతు గెంతి ఆగింది. 

"ఏమైంది నాన్నా?"

మళ్ళీ స్టార్ట్ చేసింది. మళ్ళీ ఆగింది. కారు అద్దంలోంచి ఆయన మోకాలు కనిపిస్తోంది. పైకి లేస్తోంది, దిగుతోంది. పెడల్ ఖాళీగా దిగుతుంటుంది, అవతల ఏమీ కదలదు. ఆయన కిందికి వంగారు. చాప ఎత్తారు. పైకి లేచి కిటికీ వైపు చూశారు. నేను తల దించుకోలేదు.

దిగి వచ్చారు. గుమ్మంలో నిలబడ్డారు. 

"పిల్లని చంపేద్దామనుకున్నావా?"

"బ్రేకు తియ్యలేదండీ. చూసుకోండి."

"ఎవరు నేర్పారే నీకిది?"

"పదకొండో రోజు తియ్యాలన్నారుగా. నాలుగు రోజులు ఆలస్యమైంది."

ఆయన నోరు తెరిచారు. కారులోంచి అది పిలుస్తోంది. "నాన్నా, రండి! వస్తుంది, నాకు తెలుస్తోంది, రండి!" అంటోంది. వెనక కర్టెన్ కదిలింది, అత్తయ్య లేచినట్టుంది. వీధిలో రెండో క్లాసు మనిషి సైకిల్ స్టాండ్ వేసి చూస్తున్నాడు. "మాస్టారూ, కారు ట్రబులా?" అన్నాడు. ఊరి మనిషి చూస్తుండగా కొక్కెం తగిలించాలంటే ఎందుకో చెప్పాలి. ఆయన వెనక్కి వెళ్ళి ఎక్కారు.

పదిహేడుసార్లు ఆగింది. నేను లెక్కపెట్టాను. తొమ్మిదోసారికి దాని ముఖంలో నవ్వు పోయింది. పన్నెండోసారికి స్టీరింగ్ మీద తల వాల్చింది. లేచి వెళ్ళాలనిపించింది. వెళ్ళలేదు. పద్దెనిమిదోసారి కారు వణికి, ఆగబోయి, ఆగకుండా, గేటు దాటి రోడ్డు మీదికి వెళ్ళింది. ఆ వణుకు దానిది. వారంలో దానికి వస్తుందో రాదో నాకు తెలియదు. తప్పినా అది తన కాలితోనే తప్పుతుంది. 

ఆయన తిరిగొచ్చాక ఏం అంటారో, ఏం చేస్తారో, అది సాయంత్రం సంగతి. సొరుగులోంచి ఖాళీ అప్లికేషన్ ఒకటి తీశాను. పేరు, తండ్రి పేరు, వయసు నింపాను. నా చేతిరాతలో నా పేరు ఆ గడిలో కొత్తగా ఉంది. గతంలో టెస్ట్‌కి వెళ్ళారా అన్న చోట అవును అని రాశాను. తప్పడానికి కారణం అన్న చివరి గడి దగ్గర, ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ, పెన్ను దానంతటదే సాధన అన్న మాట మొదలుపెట్టింది. కొట్టేశాను.

క్లచ్ మీద ఉన్న కాలు నాది కాదు, అని రాశాను.